మూడు ప్యూనిక్ యుద్ధాల్లో ముందు ఏది చదవాలి?

రోమ్, కార్తేజ్ మధ్య జరిగిన ఈ యుద్ధాల గురించి చదవాలనుకునేవాళ్లు ఎక్కువమంది కార్తేజ్ సేనాపతి హానిబాల్ దగ్గరే మొదలుపెడతారు. ఆల్ప్స్ దాటిన ఏనుగులు, ఒక్క రోజులో తుడిచిపెట్టుకుపోయిన రోమన్ సైన్యం, రోమ్ గోడల దాకా వచ్చి వెనుదిరిగిన శత్రువు. స్కూల్ పుస్తకంలో చదివినా, యూట్యూబ్ వీడియోలో చూసినా, కంప్యూటర్ గేమ్‌లో ఆడినా ముందు ఎదురయ్యేది అతనే. కథగా అది బాగుంటుంది, కాదనను. కానీ అక్కడ మొదలుపెట్టినవాళ్లకి చివర్లో ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఇన్ని పోరాటాలు గెలిచినవాడు యుద్ధం ఎందుకు ఓడిపోయాడు? టైం కలిసి రాలేదనో, సొంతవాళ్లు సాయం పంపలేదనో అనుకుని పుస్తకం మూసేస్తారు.

నా సలహా ముందే చెప్పేస్తాను. మొదటి యుద్ధంతో మొదలుపెట్టండి. అందులో అందరికీ తెలిసిన హీరో లేడు, ఇరవై మూడేళ్లు సాగింది, సగం కథ సముద్రం మీదే నడుస్తుంది. అయినా సరే. రోమ్ ఎంత పెద్ద దెబ్బ తిని కూడా ఎలా లేచి నిలబడుతుందో అక్కడ తెలుస్తుంది. అది తెలిశాక హానిబాల్ దగ్గరికి వస్తే అతని మీద గౌరవం పెరుగుతుంది, అతని ఓటమి మాత్రం వింతగా అనిపించదు. ఈ సలహా అందరికీ సరిపోదనుకోండి. ఎవరికి సరిపోదో కూడా చెబుతాను.

ముందు తేదీలు. మొదటి యుద్ధం క్రీ.పూ. 264 నుంచి 241 వరకు, ప్రధానంగా సిసిలీ దీవి కోసం. రెండోది 218 నుంచి 201 వరకు, ఇటలీ, స్పెయిన్, సిసిలీ, ఆఫ్రికా అన్నిచోట్లా. మూడోది 149 నుంచి 146 వరకు, ఒక్క కార్తేజ్ నగరం చుట్టూ. ఇక్కడి నుంచి రాసే సంవత్సరాలన్నీ, వేరే చెప్పకపోతే, క్రీస్తు పూర్వానివే.

దేన్ని చూసి పోల్చాలి

హానిబాల్ గొప్పా, అతన్ని ఓడించిన రోమన్ సేనాపతి స్కిపియో గొప్పా అనే వాదన సరదాకి బాగుంటుంది గానీ, దాంతో ఏ యుద్ధం ముందు చదవాలో తేలదు. నేను చూసేవి మూడు విషయాలు. సైనికుడు ఎక్కడి నుంచి వచ్చాడు, ఖర్చు ఎవరు భరించారు, ఓడిపోయినప్పుడు ఆ రాజ్యం ఏం చేసింది. ఈ మూడింటిలోనూ రెండు రాజ్యాలకీ పోలికే లేదు.

కార్తేజ్ ఇప్పటి ట్యునీషియాలో, ట్యునిస్ నగరం పక్కనే ఉండేది. లెబనాన్ తీరంలోని టైర్ నుంచి వచ్చిన ఫినీషియన్లు కట్టుకున్న ఊరు. వాళ్ల బలం ఓడలు, వ్యాపారం, చుట్టూ ఉన్న సారవంతమైన పొలాలు. నౌకాదళంలో సొంత పౌరులే ఉండేవాళ్లు. నేల మీద యుద్ధం మాత్రం చాలావరకు బయటివాళ్లతో చేయించేవాళ్లు. లిబియన్ కాల్బలం, నుమిడియన్ గుర్రపు దళం, స్పెయిన్ నుంచి ఐబీరియన్లు, గాల్ జాతివాళ్లు, బాలియరిక్ దీవుల నుంచి వడిసెల విసిరేవాళ్లు. నడిపేది కార్తేజ్ సేనాపతి, నడిచేది జీతగాళ్లూ సామంతులూ. ఇది చేతకాని పద్ధతేమీ కాదు. ఒక్కో పనిలో ఆరితేరినవాళ్లని తెచ్చుకోవచ్చు, ఊళ్లో కుర్రాళ్లు చావరు, వ్యాపారం ఆగదు. ఖజానా నిండుగా ఉన్నంతకాలం బ్రహ్మాండంగా నడుస్తుంది.

రోమ్ పద్ధతి వేరు. ఇటలీలో ఒక్కో ఊరినీ ఓడించాక దాని దగ్గర ఏటా పన్ను వసూలు చేయలేదు, మనుషుల్ని అడిగింది. యుద్ధం వస్తే ఇంతమంది సైనికుల్ని పంపాలని ఒప్పందం. రోమన్ పౌరుడూ, మిత్ర నగరాల రైతూ కలిసి యుద్ధానికి వెళ్లేవాళ్లు. రెండో యుద్ధానికి కొన్నేళ్ల ముందు, 225లో, ఆయుధం పట్టగలవాళ్ల లెక్క తీస్తే రోమ్‌కీ మిత్రులకీ కలిపి ఏడు లక్షలకు పైగా కాల్బలం, డెబ్భై వేల దాకా గుర్రపు బలం తేలిందని గ్రీకు చరిత్రకారుడు పొలిబియస్ రాశాడు. లెక్క కాస్త అటూ ఇటూ అయినా, కార్తేజ్ దగ్గర అలాంటి నిల్వ లేదు.

సేనాపతుల సంగతి కూడా చూడాలి. రోమ్‌లో కాన్సుల్, అంటే సైన్యాన్ని నడిపే అత్యున్నత అధికారి, పదవి ఏడాదే. అనుభవం వచ్చేలోపు పదవి దిగిపోతాడు, అందుకే రోమన్ సేనాపతులు చేసిన తెలివితక్కువ పనులకు కొదవ లేదు. కార్తేజ్‌లో సేనాపతి ఏళ్ల తరబడి ఉండేవాడు, పని నేర్చుకునేవాడు. ఓడిపోతే మాత్రం శిలువ వేసిన సందర్భాలున్నాయి. రోమ్‌లో ఓడిన కాన్సుల్ మహా అయితే జరిమానా కట్టి ఇంటికి వెళ్లేవాడు, మరో ఏడాది మళ్లీ పదవికి నిలబడేవాడు కూడా.

మొదటి యుద్ధం: ఓర్పు ఉన్నవాళ్లకి

మొదలైన తీరే చిల్లరగా ఉంటుంది. సిసిలీ కొసన, ఇటలీకి ఎదురుగా మెసానా అనే ఊరు. దాన్ని కాంపానియా నుంచి వచ్చిన కిరాయి సైనికులు కొందరు ఆక్రమించి, మగవాళ్లని చంపి, తమని తాము మామెర్టైన్లు అని పిలుచుకుంటూ చుట్టుపక్కల దోచుకుని బతుకుతున్నారు. సిరాక్యూస్ రాజు హియెరో వాళ్ల పని పట్టబోతే, ప్రాణభయంతో వాళ్లలో కొందరు కార్తేజ్‌నీ, కొందరు రోమ్‌నీ సాయం అడిగారు. ఇద్దరూ వచ్చారు. మొదట కాపాడవలసిన దోపిడీగాళ్లని అందరూ మరిచిపోయారు గానీ యుద్ధం ఆగలేదు.

నేల మీద రోమ్‌కి బాగానే నడిచింది. 262లో అగ్రిజెంటమ్‌ని ముట్టడించి లొంగదీసుకుంది. కానీ సముద్రం కార్తేజ్ చేతిలో ఉన్నంతకాలం దీవి రాదు. రోమ్‌కి చెప్పుకోదగ్గ నౌకాదళం లేదు. ఒడ్డుకు కొట్టుకొచ్చి చిక్కిన ఒక కార్తేజ్ ఓడని నమూనాగా పెట్టుకుని వంద క్విన్‌క్విరీమ్‌లు, వాటికంటే చిన్నవైన ఇరవై ట్రైరీమ్‌లు కట్టేశారు. ఓడలు తయారయ్యేలోపు తెడ్డు వేసేవాళ్లని నేల మీద బల్లలేసి కూర్చోబెట్టి ప్రాక్టీస్ చేయించారట. క్విన్‌క్విరీమ్ అంటే పెద్ద యుద్ధనౌక. మూడు వందలమంది తెడ్డు వేసేవాళ్లు, నూట ఇరవైమంది సైనికులు పట్టేంత.

ఓడలు కట్టినంత మాత్రాన సముద్రం మీద తిరగడం రాదు. కార్తేజ్ నావికులు ఎదుటి ఓడ పక్కకి చకచకా తిరిగి, ముందున్న కంచు కొమ్ముతో దాని కడుపులో పొడిచేవాళ్లు. రోమన్లకి అంత నేర్పు లేదు. అందుకని ఓడ ముందు భాగంలో 36 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పున్న ఒక చెక్క వంతెన బిగించారు. శత్రువు ఓడ దగ్గరికి రాగానే తాళ్లు వదిలితే అది ఎదుటి ఓడ మీద పడుతుంది, కొసనున్న ఇనుప మేకు బల్లల్లో దిగిపోతుంది, సైనికులు దాని మీదుగా పరిగెడతారు. కార్వస్ అంటారు దాన్ని. 260లో మైలే దగ్గర గయస్ డుయిలియస్ ఈ ఏర్పాటుతోనే రోమ్‌కి మొదటి పెద్ద నౌకా విజయం తెచ్చాడు. తమకి రాని ఆట ఆడకుండా, తమకి వచ్చిన ఆటని సముద్రం మీదికి తెచ్చారు.

ఇక్కడిదాకా ఎవరైనా ఉత్సాహంగా చదువుతారు. అసలు విషయం దీని తర్వాత ఉంది. 256లో ఎక్నోమస్ దగ్గర రోమ్ 330 ఓడలతో, కార్తేజ్ 350 ఓడలతో తలపడ్డాయని పొలిబియస్ లెక్క. రోమ్ గెలిచి ఆఫ్రికాలో దిగింది. అక్కడ రెగులస్ అనే కాన్సుల్ గెలుపు తలకెక్కి, మింగుడుపడని సంధి షరతులు పెట్టాడు. కార్తేజ్ క్సాంతిప్పస్ అనే స్పార్టా వృత్తి సైనికుణ్ని తెచ్చుకుని, 255లో రెగులస్ సైన్యాన్ని నలిపేసి అతన్ని బందీగా పట్టుకుంది. మిగిలినవాళ్లని తీసుకురావడానికి వెళ్లిన రోమన్ నౌకాదళం తిరిగొస్తూ, సిసిలీ దక్షిణ తీరంలో కమరీనా దగ్గర తుఫానులో చిక్కింది. ఆ కాలంలో ఆ తీరం వెంట వెళ్లొద్దని ఓడ నడిపేవాళ్లు చెప్పినా కాన్సుల్స్ వినలేదు. 364 ఓడల్లో మిగిలినవి 80. మళ్లీ కట్టారు. 253లో ఇంకో తుఫానులో 150కి పైగా పోయాయి. 249లో డ్రెపానా దగ్గర పుబ్లియస్ క్లాడియస్ పుల్కర్ 93 ఓడలు పోగొట్టాడు. యుద్ధానికి ముందు శకునం కోసం పెట్టిన పవిత్రమైన కోళ్లు గింజలు తినకపోతే, "తినకపోతే తాగనివ్వండి" అని సముద్రంలో పారేయించాడని తర్వాతి రచయితలు చెబుతారు. అదే ఏడాది ఇంకో రోమన్ నౌకాదళం కూడా తుఫానుకే పోయింది.

ఏ రాజ్యమైనా ఇక్కడ సంధి అడుగుతుంది. రోమ్ అడగలేదు. ఖజానా ఖాళీ అయిపోతే డబ్బున్న పౌరులు ఒక్కొక్కరుగానో, ఇద్దరు ముగ్గురు కలిసో ఒక్కో ఓడ ఖర్చు భరించారు. గెలిస్తే తిరిగిస్తారు, ఓడితే పోయినట్టే. అలా 200 ఓడలు తయారయ్యాయి. 241 మార్చిలో సిసిలీ పడమటి కొసన ఎగేట్స్ దీవుల దగ్గర, గయస్ లుటాటియస్ కాటులస్ ఆ ఓడలతో, తిండిగింజల బరువుతో నెమ్మదిగా వస్తున్న కార్తేజ్ నౌకాదళాన్ని పట్టుకున్నాడు. 50 మునిగాయి, 70 దొరికాయి. కార్తేజ్ దగ్గర ఇంకో దళం కట్టే శక్తి లేదు. మొత్తం యుద్ధంలో రోమ్ సుమారు 700 క్విన్‌క్విరీమ్‌లు, కార్తేజ్ సుమారు 500 పోగొట్టుకున్నాయని పొలిబియస్ తేల్చాడు. ఎక్కువ పోగొట్టుకున్నవాడే గెలిచాడు. మూడు యుద్ధాల్లోకీ నాకు ముఖ్యమనిపించే లెక్క ఇదే.

కార్తేజ్‌కీ డబ్బు ఇబ్బంది వచ్చింది. ఈజిప్టు రాజు టాలెమీని రెండు వేల టాలెంట్లు అప్పు అడిగితే, "మీరిద్దరూ నాకు స్నేహితులే" అని తప్పించుకున్నాడు. ఈ టాలెమీ మనకి కొత్తవాడు కాదు. అశోకుడు తన పదమూడో శిలాశాసనంలో ధర్మ విజయం చేరిందని చెప్పుకున్న యవన రాజుల్లో "తురమయ" ఇతనే. అదే వరసలో వచ్చే "మక" కార్తేజ్‌కి తూర్పున ఉన్న సిరీన్ రాజు మగస్. రోమ్ ఓడలు కట్టుకుంటున్న రోజుల్లోనే ఇక్కడ కళింగ యుద్ధం జరిగింది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీదున్న అశోకుడి శాసనాలు చూసినవాళ్లు ఈ కాలాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తేలిగ్గా గుర్తుపెట్టుకోవచ్చు.

ఈ యుద్ధాన్ని ముందు చదవమనడానికి ఇంకో కారణం, దీని ఆనవాళ్లు ఇప్పటికీ నీళ్లలోంచి బయటపడుతుండటం. ఎగేట్స్ యుద్ధం జరిగినచోట సముద్రం అడుగు నుంచి ఈ ఇరవై ఏళ్లలో ఇరవైకి పైగా కంచు కొమ్ములు తీశారు, సైనికుల శిరస్త్రాణాలు కూడా. కొన్నిటి మీద లాటిన్ అక్షరాలున్నాయి, ప్యూనిక్, అంటే కార్తేజ్ భాష, అక్షరాలున్నదీ దొరికింది. వాటి సైజు చూస్తే అక్కడ పోరాడిన ఓడల్లో చాలా వరకు మనం ఊహించుకున్నంత పెద్దవి కావేమో అని పరిశోధకులు అంటున్నారు. పాత పుస్తకాల అంకెలని కళ్లు మూసుకుని నమ్మకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

లోటు లేదా అంటే ఉంది. మధ్యలో, ముఖ్యంగా సిసిలీలో కార్తేజ్ కోట లిలిబేయం ముట్టడి సాగే పదేళ్లు, కథ చాలా నెమ్మదిస్తుంది. హానిబాల్ తండ్రి హమిల్కార్ బర్కా 247లో వచ్చి కొండల మీంచి దాడులు చేస్తూ రోమన్లని విసిగిస్తాడు గానీ ఏదీ తేలదు. అక్కడ వేగంగా పేజీలు తిప్పేయండి, నష్టం లేదు.

మధ్యలో ఉన్న మూడేళ్లని మాత్రం వదలొద్దు

ఓడిన కార్తేజ్ మీద రోమ్ 3,200 టాలెంట్ల పరిహారం వేసింది. టాలెంట్ అంటే సుమారు 26 కిలోల వెండి. జీతాలివ్వడానికి డబ్బు లేక, సిసిలీ నుంచి తిరిగొచ్చిన కిరాయి సైన్యంతో కార్తేజ్ బేరాలాడింది. వాళ్లు తిరగబడ్డారు, పన్నులతో విసిగిపోయిన లిబియన్లు వాళ్లతో కలిశారు. మూడేళ్లకు పైగా ఘోరం జరిగింది. ఇదే అదనుగా రోమ్ సార్డీనియా దీవిని లాక్కుని, పైన ఇంకో 1,200 టాలెంట్లు అడిగింది. రోమ్ అంటే అభిమానమున్న పొలిబియస్ కూడా దీన్ని న్యాయం కాదనే రాశాడు. రెండో యుద్ధానికి హానిబాల్ పగ ఒక్కటే కారణమని చెప్పే కథలు ఈ ఘట్టాన్ని దాటేస్తాయి. నా మటుకు రెండో యుద్ధం ఇక్కడే మొదలైంది.

రెండో యుద్ధం: వ్యూహాలు ఇష్టమున్నవాళ్లకి

మీకు యుద్ధతంత్రం అంటే ఆసక్తి ఉంటే, మ్యాప్ మీద బాణాలు గీసుకుని చదివే అలవాటుంటే, నా సలహా పక్కన పెట్టి నేరుగా ఇక్కడికే రండి. ఇంత సరుకు మిగతా రెండింటిలో లేదు.

సార్డీనియా పోయాక హమిల్కార్ స్పెయిన్ వెళ్లి, అక్కడి వెండి గనులతో, మనుషులతో కొత్త బలం కట్టాడు. అతని అల్లుడు హస్ద్రుబాల్ ఇప్పటి కార్టహీనా నగరానికి పునాది వేశాడు. 221లో అధికారం హానిబాల్ చేతికొచ్చింది, అప్పటికి ఇరవై ఆరేళ్లవాడు. 219లో రోమ్‌తో స్నేహమున్న సగుంటం నగరాన్ని ఎనిమిది నెలలు ముట్టడించి పట్టుకున్నాడు. మరుసటి ఏడాది రోన్ నది దాటాడు, తర్వాత ఆల్ప్స్. నది దాటేటప్పుడు 38,000 కాల్బలం, 8,000 గుర్రాలు, 37 ఏనుగులు. కొండలు దిగేసరికి 20,000 కాల్బలం, 6,000 గుర్రాలు. మనుషుల అంకె హానిబాలే ఇటలీలో కంచు రేకు మీద రాయించాడు, పొలిబియస్ అది తన కళ్లతో చూశాడు. ఏనుగుల సంగతికి వస్తే, వాటిమీద జనానికున్నంత మోజు వాటి వల్ల జరిగిన పనిలో లేదు. మొదటి చలికాలం దాటేసరికి దాదాపు అన్నీ చచ్చిపోయాయి. ఇటలీలో అతని పెద్ద విజయాలకి కారణం గుర్రాలు.

ఇటలీలో హానిబాల్ గెలిచిన పెద్ద పోరాటాలు మూడు: ట్రెబియా, ట్రాసిమీన్, కన్నే. వీటిలో ఒక్కటే చదవాలంటే కన్నే. 216 ఆగస్టు 2. రోమ్ 80,000 కాల్బలం తెచ్చిందని పొలిబియస్, ఎదుట హానిబాల్ దగ్గర 40,000. అతను మధ్యలో గాల్, ఐబీరియన్ సైనికుల్ని ముందుకు ఉబ్బినట్టు నిలబెట్టాడు. రోమన్లు తోసుకుంటూ లోపలికి వచ్చారు. వాళ్లు వచ్చేకొద్దీ ఆ ఉబ్బు లోపలికి వంగింది, రెండు పక్కలా ఆగి ఉన్న లిబియన్ కాల్బలం లోపలికి తిరిగింది, రోమన్ గుర్రపు దళాన్ని తరిమేసిన కార్తేజ్ గుర్రాలు వెనక నుంచి మూసేశాయి. చచ్చినవాళ్లు 70,000 అని పొలిబియస్, 48,000 దాకా అని రోమన్ చరిత్రకారుడు లివీ. చిన్న అంకె నమ్మినా ఒళ్లు జలదరిస్తుంది.

కన్నే గురించి చెప్పేవాళ్లు చాలామంది ఇక్కడ ఆపేస్తారు. మర్నాటి నుంచి జరిగింది చూడండి. హానిబాల్ సంధికి మనిషిని పంపితే రోమ్ ఊళ్లోకి రానివ్వలేదు. బందీల్ని విడిపించుకోమంటే డబ్బివ్వలేదు. 8,000 మంది బానిసల్ని కొని సైన్యంలో చేర్చుకుంది. ఆ ఓటమికి సగం కారకుడైన కాన్సుల్ వర్రో బతికి తిరిగొస్తే, రాజ్యం మీద ఆశ వదులుకోనందుకు రోమ్ పెద్దల సభ సెనెట్ అతనికి కృతజ్ఞతలు చెప్పింది. మొదటి యుద్ధం చదివినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. కమరీనా తుఫాను తర్వాత చేసిందే ఇప్పుడూ చేశారు. కొన్నేళ్లలో 20కి పైగా లీజియన్లు (రోమన్ సైనిక దళాలు) రంగంలో ఉన్నాయి.

హానిబాల్‌కి ఈ సంగతి తెలియక కాదు. అతని ఆలోచన రోమ్ మీద దాడి కాదు, రోమ్ నుంచి మిత్రుల్ని విడగొట్టడం. మనుషుల్నిచ్చే ఊళ్లు జారిపోతే రోమ్ ఒట్టి ఊరే. కాపువా వచ్చింది, దక్షిణ ఇటలీలో చాలా భాగం వచ్చింది. కానీ లాటిన్ కాలనీలు, అంటే ఇటలీలో రోమ్ తన మనుషుల్ని నిలిపి కట్టించిన ఊళ్లు, కదల్లేదు. 209లో ముప్పై కాలనీల్లో పన్నెండు ఇక మనుషుల్నీ డబ్బునీ ఇవ్వలేమన్నాయి, పద్దెనిమిది ఇస్తామన్నాయి. ఆ పద్దెనిమిది కూడా చేతులెత్తేసి ఉంటే ఏమయ్యేదో. పైగా తన వైపు వచ్చిన ప్రతి ఊరినీ హానిబాల్ కాపాడాలి. అతనొకచోట ఉంటే రోమన్లు ఇంకోచోట ముట్టడి పెట్టేవాళ్లు. రోమన్ సేనాపతి ఫేబియస్ మాక్సిమస్ నేర్పిన పద్ధతి అదే. ఎదురుపడొద్దు, వెంటాడు, తిండి దొరకనీయకు. చప్పగా ఉంటుంది, పనిచేసింది.

సొంతవాళ్లు సాయం పంపలేదన్నది సగమే నిజం. పంపారు, కానీ ఎక్కువ భాగం స్పెయిన్, సార్డీనియా, సిసిలీలకి పోయింది. సముద్రం రోమ్ చేతిలో ఉంది మరి. అది 241లో పోయిన సముద్రమే. తమ్ముడు హస్ద్రుబాల్ స్పెయిన్ నుంచి నేల దారినే రావలసి వచ్చింది, 207లో మెటారస్ నది దగ్గర చచ్చిపోయాడు. అన్నకి ఆ కబురు తెలిసింది తన శిబిరం ముందు పడ్డ తమ్ముడి తల చూసి.

ఇక స్కిపియో. అతను చదువుకున్నది హానిబాల్ దగ్గరే అనిపిస్తుంది. 209లో కార్టహీనాని, 206లో ఇలిపా దగ్గర స్పెయిన్‌నంతా గెలిచి, 204లో ఆఫ్రికాలో దిగాడు. జామా యుద్ధం 202లో. హానిబాల్ 80 ఏనుగుల్ని తోలితే, స్కిపియో దళాల మధ్య సందులు వదిలి వాటిని వెనక్కి పోనిచ్చాడు. కన్నేలో హానిబాల్ తరఫున పోరాడిన నుమిడియన్ గుర్రాలు ఈసారి వాళ్ల రాజు మసినిస్సా నాయకత్వంలో స్కిపియో తరఫున, హానిబాల్ వెనక నుంచి వచ్చాయి. ఇద్దరిలో ఎవరు గొప్ప అని నన్ను అడిగితే, యుద్ధభూమి మీద హానిబాల్, యుద్ధం మొత్తం మీద స్కిపియో అంటాను. స్కిపియో వెనక ఎలాంటి రాజ్యం ఉందో, హానిబాల్ వెనక ఎలాంటిది ఉందో గుర్తుంచుకునే అంటాను.

మూడో యుద్ధం: చిన్నది, చదవడం కష్టం

పేజీలు తక్కువ కదా అని దీంతో మొదలుపెట్టేవాళ్లున్నారు. వద్దు. మొదటి రెండూ తెలియకుండా ఇది చదివితే ఒట్టి దారుణంగానే కనిపిస్తుంది. అయితే రాజనీతి, అంతర్జాతీయ సంబంధాలు చదివేవాళ్లకి, న్యాయం అన్యాయం గురించి క్లాసులో చర్చ పెట్టాలనుకునే టీచర్లకి మూడింటిలో ఇదే బలమైనది.

201 సంధి ప్రకారం కార్తేజ్ యాభై ఏళ్లలో 10,000 టాలెంట్లు కట్టాలి, పది యుద్ధనౌకలకి మించి ఉంచుకోకూడదు, ఆఫ్రికాలో కూడా రోమ్ అనుమతి లేకుండా యుద్ధం చేయకూడదు. కార్తేజ్ మళ్లీ వ్యాపారం చేసుకుని, పదేళ్లకే మిగతా బాకీ అంతా ఒకేసారి కట్టేస్తానంది. రోమ్ తీసుకోలేదు. బాకీ ఉన్నంతకాలమే పట్టు ఉంటుంది. పక్కనే మసినిస్సా భూములు ఆక్రమిస్తూ పోయాడు, ఫిర్యాదు చేస్తే రోమ్ అతని వైపే మొగ్గేది. చివరికి విసిగి కార్తేజ్ అతని మీద యుద్ధానికి వెళ్లి ఓడిపోయింది. రోమ్‌కి సాకు దొరికింది. కార్తేజ్‌ని నాశనం చేయాల్సిందేనని రోమన్ సెనెటర్ ముసలి కేటో అప్పటికే పట్టుబట్టి ఉన్నాడు.

ముందు 300 మంది పిల్లల్ని బందీలుగా అడిగారు, ఇచ్చారు. ఆయుధాలన్నీ అడిగారు. రెండు లక్షల కవచాలు, రెండు వేల రాళ్లు విసిరే యంత్రాలు అప్పగించారని గ్రీకు చరిత్రకారుడు అప్పియన్ రాశాడు. అన్నీ తీసుకున్నాక ఊరు ఖాళీ చేసి సముద్రానికి 80 స్టేడియాల, అంటే సుమారు 15 కిలోమీటర్ల, అవతలికి పొమ్మన్నారు. ఓడలతో బతికే ఊరికి ఆ మాట మరణశిక్షే. అప్పుడు తిరగబడ్డారు. గుళ్లలో, ఖాళీ స్థలాల్లో ఆడా మగా పగలూ రాత్రీ పనిచేసి ఆయుధాలు చేశారు, యంత్రాల తాళ్లకి ఆడవాళ్లు జుట్టు కోసిచ్చారు. రోమన్లు రేవుకి అడ్డుకట్ట వేస్తే ఇంకోవైపు సముద్రానికి కాలువ తవ్వి, ఎవరికీ తెలియకుండా యాభై ఓడలు కట్టుకుని బయటికొచ్చారు. నూట పదేళ్ల క్రితం రోమ్ చేసిన పనే, ఏమీ మిగలని రోజున కార్తేజ్ చేసింది. మూడేళ్లు నిలిచింది. 146లో స్కిపియో ఎమిలియానస్ ఆరు రోజులు వీధి వీధిలో పోరాడి పట్టుకున్నాడు. ఇతను జామా విజేతకి దత్తత వరస మనవడు, కన్నేలో చచ్చిపోయిన కాన్సుల్ పౌలస్‌కి సొంత మనవడు. లొంగిపోయిన 50,000 మందిని బానిసలుగా అమ్మేశారు.

ఊరి నేల మీద ఉప్పు చల్లారని ఎక్కడైనా చదివితే ఆ పుస్తకాన్ని కాస్త అనుమానంగా చూడండి. ప్రాచీన రచయితలెవరూ ఆ మాట రాయలేదు, ఆధునిక కాలంలో పుట్టుకొచ్చింది.

ఎవరు రాసింది చదవాలి

ఆ కాలపు రాతలే చదవాలనుకుంటే పొలిబియస్, లివీ, అప్పియన్. కార్తేజ్ వాళ్లు రాసుకున్న చరిత్ర ఒక్కటీ మిగల్లేదు. ఊరి గ్రంథాలయాలని ఆఫ్రికా రాజులకి పంచేసిన రోమ్, మాగో రాసిన వ్యవసాయ గ్రంథాన్ని మాత్రం లాటిన్‌లోకి అనువదించమంది. కాబట్టి మీరు ఏది చదివినా గెలిచినవాళ్ల వైపు నుంచే.

పొలిబియస్ గ్రీకువాడు, రోమ్‌కి బందీగా వచ్చి ఎమిలియానస్‌కి ఆప్తుడయ్యాడు, కార్తేజ్ కాలిపోతుంటే పక్కనే ఉన్నాడు. కారణాలు తవ్వుతాడు, అంకెలిస్తాడు, తోటి చరిత్రకారుల మీద రుసరుసలాడతాడు. స్కిపియో కుటుంబం దగ్గరికొస్తే మాత్రం కలం మెత్తబడుతుంది. లివీ రెండో యుద్ధానికి దాదాపు రెండు శతాబ్దాల తర్వాతివాడు. కథ చెప్పడంలో అతనికి సాటి లేరు, ప్రసంగాలు నాటకంలా ఉంటాయి, దాంతో ఏది జరిగిందో ఏది అల్లిందో విడదీయడం మన పని. అతని రచనలో రెండో యుద్ధం భాగం పూర్తిగా మిగిలింది, మొదటి యుద్ధం భాగం పోయింది. మూడో యుద్ధానికి అప్పియనే దిక్కు. ఒక్కరినే ఎంచుకోవాలంటే పొలిబియస్. మొదటి యుద్ధం, కిరాయి సైనికుల తిరుగుబాటు రెండూ అతని మొదటి పుస్తకంలోనే అయిపోతాయి. మూడో పుస్తకం కన్నే దాకా తెస్తుంది. ఇంగ్లీషులో పాత అనువాదాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

ఎవరికి ఏ దారి

రోమ్ ఎందుకు గెలిచింది అన్నదే మీ ప్రశ్న అయితే, పొలిబియస్ మొదటి పుస్తకం, ఆ తర్వాత మూడోది, కన్నే తర్వాతి సంవత్సరాలకి లివీ. స్కూల్ పిల్లలకి చెప్పాలంటే హానిబాల్‌తోనే మొదలుపెట్టండి, ఏనుగులు లేకపోతే వాళ్లు వినరు. కన్నే అయ్యాక ఆపి, ఇప్పుడు మీరే రోమ్ సెనెట్ అయితే ఏం చేస్తారని అడగండి. పోటీ పరీక్షలకి చదివేవాళ్లకి తేదీలు, సంధి షరతులు, ఒక్కో యుద్ధం తర్వాత రోమ్ చేతికొచ్చిన ప్రాంతాలు చాలు: సిసిలీ, సార్డీనియా, స్పెయిన్, చివరికి ఆఫ్రికా తీరం.

చూడటానికి వెళ్లే ఆలోచన ఉంటే, కార్తేజ్‌లో ఇప్పుడు కనిపించే శిథిలాల్లో ఎక్కువ భాగం తర్వాత రోమన్లు కట్టుకున్న ఊరివి. ప్యూనిక్ కాలపు ఇళ్లు బిర్సా కొండ మీద, యుద్ధనౌకలు నిలిపిన గుండ్రటి రేవు కింద తీరంలో ఉన్నాయి. ఒక్క ప్రయాణమే కుదిరితే నేను సిసిలీ పడమటి కొసకే ఓటేస్తాను. మార్సాలా మ్యూజియంలో సముద్రం నుంచి తీసిన ప్యూనిక్ ఓడ చెక్కలున్నాయి, ఏ పలక ఎక్కడ బిగించాలో వడ్రంగులు రాసుకున్న అక్షరాలతో సహా. అక్కడి నుంచి ఫావిన్యానా దీవికి పడవలు దొరుకుతాయి. ఒకప్పటి ట్యూనా చేపల ఫ్యాక్టరీలో ఎగేట్స్ యుద్ధపు కంచు కొమ్ములు పెట్టారు.